రోకలి దిగిన చెట్టుకప్ప

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే మీరే సర్దుకుని చదవండి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నా చెయ్యి నెమ్మది, కథ మాత్రం నెమ్మది కాదు.

ఆ ఏడు ఆషాఢం సగం గడిచినా ఖరగ్‌పూర్‌లో చినుకు లేదు. తాల్‌బగీచా తెలుగు ఆడవాళ్ళంతా కూడి కప్పతల్లిని తిప్పాలనుకున్నారు. రైలు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాతలు వెంట తెచ్చుకున్న ఆచారం అది. రోకలి మధ్యలో తడిగుడ్డ ఉయ్యాలలా కట్టి, అందులో కప్పను కూర్చోబెట్టి, చుట్టూ వేపమండలు కడతారు. ఇంటింటా కప్ప మీద చెంబుడు నీళ్ళు పోస్తారు. మా పేట మూడు వీధులూ తిరిగాక దాన్ని నీళ్ళ దగ్గర వదలాలి. మధ్యలో తప్పించుకుపోతే మాత్రం ఆ రోకలి ఇంకొకరి చేతికి పోతుంది.

ముప్పై ఏళ్ళు ఆ రోకలి అప్పలనర్సమ్మ అత్తగారిది. ఆవిడ పోయాక అప్పలనర్సమ్మ పట్టబోయే మొదటి ఏడు అది. వెనక వీధి మీనాకుమారికి దాని మీద ఎప్పటినుంచో కన్ను.

"రోకలి బరువు గదా వొదినా, నానట్టుకుంటాన్లే" అంది వారం ముందే.

"మా అత్త సేతిలో లేని బరువు నా సేతిలో ఏటే?" అంది అప్పలనర్సమ్మ.

తీరా చూస్తే కప్ప లేదు. చెరువులు నెర్రెలిచ్చాయి. ఏటేటా దొరికే లావుపాటి గోదురుకప్పలు ఏ బురద కిందకి దిగిపోయాయో! తెల్లవారగానే అప్పలనర్సమ్మ పక్కింటి జాన్ పాల్ నడిపే టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కి సాలువా ఊరు దాటి సాల్ చెట్ల అడవి అంచుకి వెళ్ళింది. ఎండుటాకులన్నీ కర్రతో కెలికింది. చివరికి ఒక చెట్టు తొర్రలో, కాళ్ళు ముడుచుకుని, గోధుమరంగు కప్ప ఒకటి కళ్ళు మూసుకుని కూర్చునుంది. నడుము సన్నం, కళ్ళు పెద్దవి.

"నీళ్ళు నేక సెట్టెక్కీసినాది పాపం" అని జాలిపడి దాన్ని డబ్బాలో వేసుకుంది.

"అత్తా, అది..." అని జాన్ పాల్ ఏదో చెప్పబోయాడు.

"నువ్వు బండి తోలరా బాబూ. ఎండెక్కిపోతంది!"

మొదటి వీధి అద్భుతంగా నడిచింది. డప్పు, పాట, కేరింతలు. బెంగాలీ దీదీలు కూడా మగ్గులతో గుమ్మాల్లోకొచ్చారు. రెండో వీధి చివర హరిబాబు భార్య బిందె ఎత్తి కుమ్మరించింది. అంతే! అప్పలనర్సమ్మ అలవాటుకొద్దీ గుడ్డను గోదురుకప్ప లావుకి కట్టింది. ఈ సన్ననడుముది అందులోంచి దారంలా జారి బయటికొచ్చింది. ఒక్క గెంతు గెంతి ఎదురుగా ఆగివున్న టోటో వెనకద్దానికి బల్లిలా అతుక్కుంది.

"ఒలమ్మో! అద్దం మీద అంటుకుపోనాది!"

"పట్టండే!"

టోటోలో ఉన్నది జాన్ పాలే. తడిసిన ఆడవాళ్ళు పాతికమంది, ముందు రోకలి ఎత్తుకుని అప్పలనర్సమ్మ, తన మీదకే పరుగెత్తుకు రావడం చూశాడు. వెనకద్దం మీది కప్పను చూడలేదు.

"నానేటి సేసినాను దేవుడా!" అని బండి దౌడు తీయించాడు.

కప్ప అద్దం మీద, ఆడవాళ్ళు బండి వెనక. ఒకావిడ జెండాలా చీపురెత్తింది. "దీదీ, కీ హోయేఛే?" అని, ఏమైందని టీకొట్టు దగ్గరున్నవాళ్ళు అడిగితే "కప్ప! కప్ప!" అని అరుస్తూ పోయారు. వాళ్ళకేం అర్థమైందో గానీ వాళ్ళూ పరుగెత్తారు. పరుగులో నవ్వొచ్చి నలుగురు మురిక్కాలవ గట్టు మీద కూలబడ్డారు. వెనక మీనాకుమారి ఫోన్‌లో వీడియో తీస్తూ, "సూడండి, మా వొదిన రోకలి సంబరం!" అని చెప్పుకుంటూ వచ్చింది.

జాన్ పాల్ తన ఇంట్లోకే దూరి గేటు వేశాడు. కప్ప అద్దం మీంచి గోడకి, గోడ మీంచి జామచెట్టుకి ఎగబాకి ఆకుల్లో కలిసిపోయింది.

"కప్ప పోనాది. రోకలి నాకిచ్చీ వొదినా" అంది మీనాకుమారి.

అప్పలనర్సమ్మ రోకలిని చంటిబిడ్డలా గుండెకి అదుముకుంది. "పోనేదు. సెట్టు మీదుంది. రేపొద్దున్నకి దొరక్కపోతే అప్పుడడుగు."

జాన్ పాల్ ఊపిరి తీసుకుని, "నాను సెప్పనిచ్చినావేటి అత్తా? అది చెట్టుకప్ప" అన్నాడు. కాలేజీ అమ్మాయిలు అడవిలో కప్పల్ని చూడడానికి వెళ్ళేది అతని టోటోలోనే. విని విని అతనికీ అబ్బింది. "ఒక రకం కప్ప వానలొచ్చేదాకా మట్టిలోనే పడుకుంటాది. ఇంకో రకం బెదిరిస్తే బూరెలా ఉబ్బుతాది. ఇది కాలేళ్ళ కొసల జిగురుతో గోడలెక్కుతాది. గుడ్లు నీళ్ళలో ఎట్టదు, పైన కొమ్మకి నురగలా ఎడతాది. పిల్లలు కింద నీళ్ళలో రాల్తాయి."

"అబద్ధాలు!" అంది మీనాకుమారి.

మర్నాడు పొద్దున్నే అతని భార్య ఎమిలీ బట్టలుతకడానికి పెరట్లోకి వచ్చింది. నీలం నీళ్ళ డ్రమ్ముకి పైన, వంగిన జామకొమ్మకి పిడికెడు తెల్ల నురగ. "నా సబ్బు నురగ అంతెత్తుకెలా ఎగిరినాది?" అని బ్రష్ ఎత్తింది.

"ఆగే!" గోడ మీంచి అప్పలనర్సమ్మ కేక. ఆవిడ తెల్లారకముందే పీట వేసుకుని కాపలా కూర్చుంది. గోడ దూకబోయి, చీర గోడకి చిక్కుకుంటే వెనక్కి తగ్గి, గేటు చుట్టూ తిరిగొచ్చి డ్రమ్మును కౌగిలించుకుంది. నురగ పక్కనే, ఆకు కింద, నిన్నటి పెద్దకళ్ళావిడ. పక్కన ఇంకోటి, చిన్నది.

"మొగుణ్ణి కూడా ఎతుక్కుంది!" అంది ఎమిలీ.

క్షణంలో వీధి వీధంతా పెరట్లో ఉంది.

"సరే దొరికినాది. ఇప్పుడు పట్టుకుని మూడో వీధి తిప్పు మరి" అంది మీనాకుమారి.

అప్పలనర్సమ్మ చెయ్యి చాచింది. నురగ చూసింది. చెయ్యి దించేసింది.

"బాలింతని వీధులెంట తిప్పుతానేటే? మూడో వీధే ఈవిడ దగ్గరకి వొస్తాది. సెంబులట్టుకు రండి!"

అందరూ మీనాకుమారి వంక చూశారు. మూడో వీధి ఆమెదే మరి. ఆమె మూతి ముడిచి నిలబడింది. అంతలోనే నవ్వు తన్నుకొచ్చింది. ఇంటికి పరుగెత్తి ఇత్తడి చెంబుతో తిరిగొచ్చింది.

"నురగ మీద కాదు, కొమ్మ మొదట్లో!" అని జాన్ పాల్ అరిచాడు. మొదటి చెంబు ఆమెదే. సగం కొమ్మకి తగిలింది, సగం అప్పలనర్సమ్మ నెత్తిన పడింది. తరవాత ఎవరు ఎవరి మీద పోశారో లెక్కలేదు. చర్చికని ఇస్త్రీ చేసి పెరట్లో పెట్టిన ఆదివారం బట్టలతో సహా ఎమిలీ కూడా తడిసి ముద్దయ్యింది.

ఐదో రోజు వాన కుండపోతగా పడింది. వాన కోసం తాము చేసిన కప్ప పెళ్ళి వల్లనే అని బెంగాలీ దీదీలు ఇప్పటికీ అంటారు. నురగ కరిగి నల్లటి చుక్కల్లాంటి పిల్లలు డ్రమ్ములోకి రాలాయి. అవి కప్పలయ్యేదాకా, రెండు నెలలు, ఎమిలీ బట్టలన్నీ అప్పలనర్సమ్మ పెరట్లోనే ఉతికింది; సబ్బు కూడా అప్పలనర్సమ్మదే.

రోకలి అప్పలనర్సమ్మ గుమ్మం వెనకే ఉంది. ఈ ఏడు రెండో కొస పట్టడానికి మీనాకుమారి వస్తానంది. గుడ్డ మాత్రం తనే కడతానంది, బిగించి.

పొట్నూరు రాధారాణి, అరవై ఎనిమిదేళ్ళు. ఉంటున్నది తాల్‌బగీచా, ఖరగ్‌పూర్, ఎమిలీ ఇంటికి ఎదురుగా.