పది నిమిషాల పని

"పది నిమిషాల పనేగా" అంటారు మా ఆయన. చొక్కాలు ఇస్త్రీ చేయడమైనా, ఇంటికొచ్చిన చుట్టాలకి వంట చేయడమైనా, ఫ్రిజ్ ఖాళీ చేసి కడగడమైనా ఆయన లెక్కలో అంతే. పదకొండేళ్ళుగా వినీ వినీ నాకూ అది నిజమేమో అనిపించేది. తీరా పనయ్యేసరికి నడుం పడిపోతే, తప్పు నడుముదే అనుకునేదాన్ని.

ఆ జబ్బు ఆఫీసుకీ పట్టుకెళ్ళాను. మేము ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం, రెండేసి వారాల విడతలుగా. ప్రతి విడత మొదట్లో బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కో పనికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరికి వారు అంకె ఉన్న కార్డు బోర్లా పెట్టి, అందరం ఒకేసారి తిప్పుతాం. ఒకరిని చూసి ఒకరు మార్చుకోకూడదని ఆ పద్ధతి. నేను మాత్రం మేనేజరు మొహం చూసి, ఆయనకి నచ్చే అంకె పెట్టేదాన్ని. మూడు పెట్టి ఎనిమిది రోజుల చాకిరీ చేసేదాన్ని. మిగతా అయిదూ నా రాత్రుల్లోంచీ, శనివారాల్లోంచీ పోయేవి. "మీరుంటే ప్లాను తప్పదండీ" అని ఆయనంటే పొంగిపోయేదాన్ని కూడా, సిగ్గు లేకుండా.

మొన్న ఆదివారం మా అమ్మాయి అడిగింది. "శనివారం నా ఈత పోటీకి వస్తావా అమ్మా? పది నిమిషాల్లో వస్తానని చెప్పకు. నువ్వెప్పుడూ రావు." ఆ మాట నా నోటికీ అంటుకుందని అప్పుడే తెలిసింది. ఒళ్ళు మండింది, నా మీదే.

సోమవారం పాత రోగుల వివరాలని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని బల్ల మీదికొచ్చింది. చేయాల్సింది నేనే. కార్డులు తిప్పాం. మూడు, మూడు, రెండు, మూడు. నాది ఎనిమిది. అందరికన్నా వేరుగా పెట్టినవాళ్ళే కారణం చెప్పాలి.

"మార్చడం మూడు రోజులేనండీ. ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా రాసుంటుంది. అవన్నీ సరిచూడకపోతే ఒకరి మందు ఇంకొకరికి పోతుంది. ఇన్నాళ్ళూ ఆ పని ప్లానులో ఎవరూ రాయలేదు. నేనే చేశాను."

"అయితే ఎనిమిది రోజులే వేసుకుందాం" అన్నారు మేనేజరు. "ముందే చెప్పొచ్చుగా?"

అంతే! ఇన్నేళ్ళూ హడలిపోయింది ఇంత చిన్న మాటకా! గుండెల మీంచి బండ దించినట్టయింది. దారి పొడుగునా నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

"శనివారం మా ఆఫీసు వాళ్ళని ఆరుగురిని భోజనానికి పిలిచాను" అన్నారు మా ఆయన, చెప్పులైనా విప్పకముందే. "పది నిమిషాల పనేగా."

"శనివారం నేను అమ్మాయి పోటీకి వెళ్తున్నానండీ" అన్నాను. తర్వాత కాగితం మూడు ముక్కలు చేసి, ఒకటి ఆయనకీ, ఒకటి మాతోనే ఉండే అత్తయ్యకీ ఇచ్చి, ఆ వంటకి ఎంతసేపు పడుతుందో రాయమన్నాను. ఆయన నవ్వుతూనే రాశారు. ముగ్గురం ఒకేసారి తిప్పాం. ఆయనది పది నిమిషాలు. నాది అయిదు గంటలు. కొడుకు మాటకి ఏనాడూ ఎదురు చెప్పని అత్తయ్యది ఏడు.

"అంట్లు మర్చిపోయావమ్మాయ్" అన్నారావిడ.

వేరుగా రాసినవాళ్ళే కారణం చెప్పాలన్నాను. అత్తయ్యా నేనూ ఆయన వైపు తిరిగి కూర్చున్నాం.