నన్ను బాగా ఎరిగిన వ్యక్తి

ఆఫీసు గేటు దగ్గర ఫోన్ ఇచ్చేసేముందు ఆఖరి కాల్ మా ఆయనదే. "బాబు సాక్సులు ఎక్కడ పెట్టావ్?" రెండో అర, ఎడమవైపు అన్నాను. మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో తెలిసిన ఏకైక ప్రాణిని నేను. గేటు దగ్గరుండే కాపలా అక్క నవ్వుతూ ఫోన్ అందుకుని పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఆ తాళం పడ్డాక సాయంత్రం దాకా ఇంటినుంచి నన్నెవరూ పిలవలేరు. లోపల, కిటికీలు లేని సమావేశ గదుల్లో తెరలు, మైకులు, లైట్లు ఎలా నడుచుకోవాలో ప్రోగ్రాం రాస్తాను. పెద్ద అధికారి బల్లమీది బటన్ నొక్కగానే తెర దిగాలి, మైకులు ఆగిపోవాలి, తలుపు ఏమాత్రం తెరిచివున్నా తెరమీద ఒక్క అక్షరం కనిపించకూడదు. తొమ్మిదేళ్లుగా ఇదే పని. గదిలోకి వచ్చినవాళ్లు నన్ను చూసి "ఇంజనీర్ ఇంకా రాలేదా?" అని అడగడమూ తొమ్మిదేళ్లుగా ఉన్నదే. కాపలా అక్క ఒక్కతే సాయంత్రం ఫోన్ తిరిగిస్తూ, "ఏం చేశావో చెప్పకూడదులే. అనుకున్నట్టు అయిందా లేదా, అది చెప్పమ్మా" అంటుంది. అయిందంటే తనే చేసినంత సంబరపడిపోతుంది.

లోపలికి వెళ్లే అనుమతి మూడేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి. అందుకోసం మనల్ని బాగా ఎరిగిన వ్యక్తితో భద్రతా విభాగం వాళ్లు మాట్లాడతారు. దరఖాస్తులో ఆ గడి దగ్గర నేనెప్పుడూ ఆలోచించింది లేదు. మా ఆయన పేరు రాసేసేదాన్ని.

ఇవాళ భద్రతాధికారి పిలిపించి కూర్చోమన్నాడు.

"మిమ్మల్ని మెచ్చుకోవాలి మేడమ్. ఇంట్లో ఒక్క ముక్క పొక్కనివ్వలేదు. మీవారిని అడిగితే 'ఏవో టీవీలు బిగిస్తుంది' అన్నారు."

నవ్వబోయాను. అతను పేజీ తిప్పాడు.

"స్నేహితులెవరంటే ఎవరూ లేరన్నారు. ఇష్టాలేమిటంటే 'మాకు వండిపెట్టడం' అన్నారు. ఇంకోటి, ఈ నెలాఖరుకి మీరు మానేస్తున్నారట కదా. వాళ్లమ్మగారికి ఒంట్లో బాగోలేదనీ, మీతో తను మాట్లాడతాననీ అన్నారు. మాట్లాడే ఉంటారు. అందుకే మీ అనుమతి పొడిగింపు ఆపేశాం. ఇక్కడో సంతకం చేస్తే సరి."

నేను మానేస్తున్న సంగతి నాకంటే ముందు ఈ ఆఫీసుకి తెలిసింది! పొద్దున సాక్సుల కోసం ఫోన్ చేసిన మనిషి ఆ ఒక్క మాటా చెప్పలేదు. పైగా నేను గుట్టు దాచానట. ఏ గదిలో ఏముందో చెప్పకూడదు గానీ, ప్రోగ్రాం రాస్తానని చెప్పకూడదా? మొదట్లో చెప్పబోతే మా ఆయన, "వచ్చీరాగానే బుర్ర తినకు" అన్నాడు. మా అత్తగారైతే, "ఊళ్లో టీవీలన్నీ బిగిస్తుంది, మన టీవీ రిమోట్ మాత్రం దొరకదు" అని చుట్టాలందరినీ నవ్వించింది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఎవరైనా అడిగితే కదా దాచేది!

"నేను మానేయడం లేదండీ" అన్నాను. "నాకు చెప్పకుండా ఆయన అన్న మాట అది. మళ్లీ విచారణ చేయించండి."

అధికారి సంతకం కాగితం వెనక్కి లాక్కుని, కొత్త దరఖాస్తు ముందుకు జరిపాడు.

పేరు, వయసు, చదువు నింపాను. ఆ గడి దగ్గర అలవాటుగా మా ఆయన పేరులో మొదటి అక్షరం రాసేశాను. పన్నెండేళ్ల కాపురం. ఆ అక్షరాన్ని చూస్తూ ఉండిపోయాను. తర్వాత కొట్టేశాను.

"గేటు దగ్గర కాపలా అక్క పూర్తి పేరేమిటండీ?" అని అడిగాను.