ముడతపడని నుదురు

“ఏందే, పొద్దుగాలనే మొగం గట్ల పెట్టినవ్?” అన్నాడు కాశీనాథ్, భార్య చేతిలోని చాయ్ గ్లాసు అందుకుంటూ.

లక్ష్మీకాంతానికి ఆ పూట ఏ కోపమూ లేదు. గైబీ నగర్‌లోని సాంచాల కార్ఖానాలో పందొమ్మిదేళ్లుగా మరమగ్గం బట్టలో తెగిన పోగులు వెతికీ వెతికీ కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు పడ్డాయి, అంతే. అత్త బతికున్నన్నాళ్లూ “ఇంట్ల ఎవరో సచ్చినట్టు ఏం మొగమే అది” అనేది. ఆ మాటలకు అలవాటుపడింది. కానీ కూతురు బిందు నిశ్చితార్థం నాడు తను కడుపునిండా సంతోషపడితే, ఫోటోల్లో వియ్యపురాలితో తగాదాకు నిలబడ్డట్టుంది. అదే ఓర్చుకోలేకపోయింది.

ధామన్కర్ నాకా దగ్గరున్న చర్మ డాక్టరు పూనం దగ్గరికి ఒక్కతే వెళ్లింది. డాక్టరమ్మ పాత జబ్బులు, వాడే మందులు అడిగి నిదానంగా చెప్పింది. కనుబొమల మధ్య వేసే ఈ సూది అక్కడి కండరాన్ని వదులు చేస్తుంది, గీతలు తగ్గుతాయి, అదీ మూడు నాలుగు నెలలే. జారిన బుగ్గల్ని లేపదు. “ఎవరైనా బలవంతంగా పంపారా?” అనీ అడిగింది.

“లేదు, నేనే వచ్చిన,” అంది లక్ష్మీకాంతం. కళ్ల పక్కన నవ్వు గీతలు మాత్రం ముట్టుకోవద్దంది.

సూది వేయించుకున్న రెండు వారాల్లో నుదురు చదునైంది. అద్దం ముందు ముఖం చిట్లించబోయి, రాక, పడీపడీ నవ్వింది.

“గిప్పుడు మంచిగున్నవ్. ఏం చెప్పినా ఒప్పుకున్నట్టే కనబడుతున్నవ్,” అని కాశీనాథ్ మురిసిపోయాడు. ఆ ధైర్యంతోనే కాబోలు ఆదివారం పొద్దున, “ఆరుగురు దోస్తులు అన్నానికొస్తున్నరు, మటన్ వండు,” అన్నాడు.

ఇన్నేళ్లూ ఇలాంటప్పుడు ఆమె ముఖం ముడుచుకునేది. అతను చూసీ చూడనట్టు పోయేవాడు. ఆమె వండేది. ఇప్పుడు నుదురు కదల్లేదు. లోపలి కోపం ఇంకో దారి లేక నోటికొచ్చింది.

“నేను వండ.”

అతను ఆమె ముఖంలోకి వెతికి చూశాడు. “కోపమొచ్చిందా?”

“వచ్చింది. ఇయ్యాల ఆదివారం, నాకూ సుట్టి. దోస్తులకు మీరే వండుండ్రి, లేకుంటే హోటల్‌కు తీస్కపోండ్రి.”

మాట తేలిగ్గానే వచ్చింది. అది ఆమెకే వింతగా తోచింది. కాశీనాథ్ ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. ఆమె జొన్నరొట్టె, పచ్చడి తిని, ఫ్యాను కింద సాయంత్రం దాకా నిద్రపోయింది.

మర్నాడు కార్ఖానాలో పని ముగించి అందరూ లేచే వేళ, సేఠ్ ఎప్పటిలాగే, “లక్ష్మీబాయి, ఇంకో గంట కూసో,” అన్నాడు.

లక్ష్మీకాంతానికి నవ్వొచ్చింది. సంచి భుజానికి తగిలించుకుని, “కూసోను సేఠ్,” అంది.