నాటకశాల కప్పు

రేడియో స్టేషన్లో ఆవిడను అందరూ అనౌన్సరమ్మ అనేవారు. ఊరు పళ్లు తోముకునే వేళకు ‘చరిత్రలో ఈ రోజు’ చదివేది. ఆ రోజు మూడే సంగతులు: ఊరికి మొదటి రైలింజను రావడం, తీగల వంతెన తెరవడం, నాటకశాలలో తొలి నాటకం ఆడి నూరేళ్లు నిండటం. చదివేసి బయటికి వచ్చేసరికి సౌండ్ ఇంజనీరు ముఖాన నెత్తురుచుక్క లేదు.

“అమ్మా, ఆ నాలుగోది ఎక్కడిదండీ?”

“నాలుగోదేంటి? చదివింది మూడేగా!”

అతను రికార్డింగు వినిపించాడు. మూడూ అయ్యాక చిన్న దగ్గు. ఆపైన ఆవిడ గొంతే, కానీ వయసు మళ్లి, వణుకుతూ: “ముప్పై ఏళ్ల కిందట ఇదే రోజు పొద్దున, నూరేళ్ల వేడుకకు ముస్తాబవుతున్న నాటకశాల కప్పు కూలింది. పోయినవాళ్లలో మా తమ్ముడూ ఉన్నాడు.”

తమ్ముడు ఆ నాటకశాలలోనే లైట్లు కట్టే పని చేస్తున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉన్నపళాన పరుగెత్తింది. వాడు నిచ్చెన చివర ఉన్నాడు.

“కిందికి దిగరా!”

“ఇంకో రెండు లైట్లే అక్కా, కట్టేసి...”

“అమ్మ పడిపోయింది, ఊపిరాడట్లేదు! మీరంతా రండి, మొయ్యాలి!”

నోటికొచ్చిన అబద్ధం. నటులూ, వడ్రంగీ, వాడూ బిలబిలా బయటికొచ్చారు. వీధి దాటారో లేదో వెనక పెళపెళమంది. తిరిగి చూస్తే ఆకాశానికి లేచిన దుమ్ము తప్ప ఏమీ లేదు.

“అమ్మకేం కాలేదు కదూ?” అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. ఆవిడ వాడి చెయ్యి వదల్లేదు.

మధ్యాహ్నం ఇద్దరూ స్టేషనుకు వెళ్లారు. ఆ మాటలు ఈపాటికి చెరిగిపోయి ఉంటాయని ఆవిడ ఆశ. ఇంజనీరు మళ్లీ వినిపించాడు. ఒక్క అక్షరం పోలేదు.

తమ్ముడు స్పీకరు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. “నేనిక్కడే ఉన్నాగా! ఎవరే అక్కా ఆవిడ? చెరిపించెయ్.”

“ముప్పై ఏళ్లు పోయాక నేనేరా,” అంది ఆవిడ. “నాకు చెప్పడానికి ఆవిడ ఉంది. పాపం, ఆవిడకు ముందుగా చెప్పినవాళ్లే లేరు.”

ఇంజనీరుతో మైకు తెరిపించి దగ్గరగా వంగింది.

“వాడు బతికాడు. నా పక్కనే ఉన్నాడు.”

స్పీకరులో ఆ వణికే గొంతు వెక్కి వెక్కి ఏడుస్తోంది.