కెమెరా పెట్టెకు బొట్టు

రోశమ్మ తడిగుడ్డ పిండి, అద్దాల గది బయటి వరండాను మళ్లీ మొదటినుంచి తుడవడం మొదలుపెట్టింది. ఇంతకుముందు తుడిచింది ఆరకముందే ఎవరో బూట్లతో నడిచిపోయారు. ఆత్మకూరు శివార్లలోని ఆ ఇంజనీరింగు కాలేజీలో ఎర్రమట్టికి కొదవ లేదు, దాన్ని లోపలికి మోసుకొచ్చే కాళ్లకూ కొదవ లేదు. ఆమె ఎవరినీ ఏమీ అనదు. పొట్టిగా, నల్లగా, నడుము దగ్గర కాస్త వంగిన మనిషి. బ్లీచింగు నీళ్లకు వేళ్ల చివర్లు పాలిపోయాయి, గోళ్లు అరిగిపోయాయి. కాలేజీ ఇచ్చిన ముదురాకుపచ్చ చీర అందరికీ గుర్తే. అందులో ఉన్న ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే సగంమంది తడబడతారు.

ఆమెది సోమశిల దగ్గరి పల్లె. డ్యాము నీళ్లు వచ్చి పాత ఊరు మునిగినప్పుడు ఇంకా చిన్నపిల్ల. పెళ్లాడిన పోలేరయ్య ఆ నీళ్లలోనే చేపలు పట్టి బతికాడు, ఒక గాలివానలో తెప్ప తిరగబడి ఆ నీళ్లలోనే పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి ఆమె కుంకుమ ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఆయుధపూజకు ముందురోజు కాలేజీలోని మిషన్లన్నీ మెరిసేలా తుడిచేది రోశమ్మే. మర్నాడు వాటికి బొట్లు పెట్టేది మాత్రం బస్సు డ్రైవరు భార్య మహాలక్ష్మి. లేతు మిషనుకూ కంప్యూటర్లకూ ఆఖరికి నీళ్ల మోటారుకూ పెడుతుంది. ఆ కాసేపు రోశమ్మ మెట్ల కింద నిలబడుతుంది. అక్కడ నిలబడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మన దగ్గర ఇలాంటివి చెప్పనక్కర్లేదు. పూజ అయ్యాక ఆమెకూ కొబ్బరిముక్క ఇస్తారు.

ఎండాకాలం వస్తే అద్దాల గదిలో ఇంటర్న్‌షిప్ పిల్లలుంటారు. బెలూనుకు కట్టి ఆకాశంలోకి పంపే చిన్న కెమెరా పెట్టెలు తయారుచేస్తారు. ఈ ఏడు చివరిదాకా నిలిచినవాళ్లు ఇద్దరు, సుధీర్, గోపిక. ఇద్దరివీ వేరువేరు పెట్టెలు. ఈరోజు రాజమోహన్ గారనే శాస్త్రవేత్త బయటినుంచి వచ్చి రెండిటినీ పరీక్షిస్తాడు. బాగున్న పెట్టె తాలూకు మనిషిని తాను పనిచేసే పెద్ద పరిశోధన కేంద్రానికి ఇంటర్నుగా తీసుకుపోతాడు. గోపికది సీతారామపురం. ఇది వస్తే ఎంటెక్ చదువుకోవచ్చునని, రాకపోతే కొండాపురంలో అన్న పెట్టిన మందుల షాపులో కూర్చోవాలని వాళ్ల నాయన ముందే తేల్చి చెప్పాడు. ఆ సంగతి గోపిక ఇంకెవరికీ చెప్పలేదు గాని రోశమ్మకు చెప్పింది. మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కనే కూర్చొని తింటారు మరి.

పై నుంచి ఈ పెట్టె చెరువుల ఫోటోలు తీస్తుందని గోపిక ఒకసారి చెప్పింది. మునిగిన తన ఊరు అందులో పడుతుందా అని రోశమ్మ అడిగింది. నీళ్లే పడతాయవ్వా అంది ఆ పిల్ల. ఉత్తుత్తి మాట చెప్పి సంతోషపెట్టలేదని రోశమ్మకు ఆమె మీద ఇంకాస్త ఇష్టం కలిగింది.

ఈ పొద్దున గోపిక తన పెట్టెను తెచ్చి వరండాలోని బల్ల మీద పెట్టింది. రాత్రి నిద్రలేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"శుక్రవారం గదవ్వా. మా పెట్టెకు బొట్టు పెట్టు" అంది.

రోశమ్మ తడిగుడ్డ అక్కడే వదిలేసి ఆమె ముఖంలోకి చూసింది.

"నేనా? నా సంగతి తెలిసే అడగతా ఉండావా పాపా?"

"తెలిసే అడగతా ఉండాను."

ఇంతలో ఫోను మోగింది. వాళ్ల నాయన. గోపిక మాట్లాడుతూ వేపచెట్టు కిందికి వెళ్లిపోయింది.

రోశమ్మ కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు పెట్టి కడుక్కుంది. హెచ్‌వోడీ సురేంద్రబాబు గదిలో దేవుడి పటాల ముందున్న పళ్లెంలోంచి రెండు కాగితాల్లో పసుపు, కుంకుమ వేసుకుంది. రోజూ ఆ పటాలకు దుమ్ము దులిపినా, ఆ పళ్లెంలో చెయ్యి పెట్టడం ఇదే మొదలు. తిరిగొచ్చి పెట్టె చుట్టూ చూసింది. అన్ని వైపులా నల్లరంగు. ఒకవైపు మాత్రం గుండ్రటి మూత ఉంది. తీస్తే, స్నానం చేయించిన పసిబిడ్డ ముఖంలా నిగనిగలాడుతూ అద్దం. బొట్టు ముఖానికి పెడతారు గాని వీపుకు పెట్టరు కదా. తడి పసుపు అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది. చెరిగిపోకుండా మూత జాగ్రత్తగా బిగించింది. రెండు చేతులూ జోడించి, ఈ పిల్లను మందుల షాపులో కూర్చోబెట్టొద్దని వేడుకుంది. ఇన్నేళ్లకు తన చెయ్యి ఒక మంచి పనికి పనికొచ్చిందని ఆమెకు గొప్ప సంతోషమేసింది, బకెట్టు పట్టుకొని వెళ్తుంటే నడుము నొప్పి కూడా తెలియలేదు.

గోపిక వచ్చి పెట్టెను అటూ ఇటూ చూసింది. పైన బొట్టు కనిపించకపోయేసరికి, అవ్వ జంకి మానేసిందనుకొని లోపలికి తీసుకుపోయింది.

ఆ పరీక్ష చీకట్లో చేస్తారు. దీపాలన్నీ ఆర్పాకే కెమెరా మూత తీస్తారు, అందుకని అద్దం మీద ఏముందో ఎవరికీ కనపడదు. ముందు సుధీర్ పెట్టె పెట్టారు, బొమ్మ తేటగా వచ్చింది. తర్వాత గోపికది. కంప్యూటరు తెర నిండా మసక, నడుమ నల్లటి మచ్చ. దీపాలు వేశారు. రాజమోహన్ గారు దూదితో అద్దం తుడిచాడు. వరండాలో ఉన్న రోశమ్మకు ఆ దూది ఎర్రబడటం అద్దాల గోడలోంచి కనిపించింది. తుడిచినా లాభం లేకపోయింది. కుంకుమ నలుసులు అంచు సందులోంచి లోపలికి దిగాయి. పెట్టె విప్పి కడగడానికి ఒక రోజన్నా పడుతుంది, ఆయన సాయంత్రానికి వెళ్లిపోవాలి.

ఎవరు పెట్టారిది అని ఆయన అడిగాడు. గోపిక తలుపు వైపు చూసింది. రోశమ్మ తలుపు దాకా వచ్చేలోపే గోపిక అనేసింది.

"నేనే పెట్టినాను సార్. సెంటిమెంటు."

సుధీర్ ముసిముసిగా నవ్వాడు. సురేంద్రబాబు తల పట్టుకున్నాడు.

మధ్యాహ్నం రోశమ్మ క్యారియరు మూత తీయలేదు. గోపిక మెట్ల దగ్గరికి రాలేదు. తప్పు అద్దానిది కాదు, కుంకుమది కాదు, తన చేతిదేనని రోశమ్మకు నమ్మకం కుదిరిపోయింది. ఇన్నాళ్లూ మెట్ల కింద నిలబెట్టినవాళ్లు మంచిపనే చేశారనిపించింది.

కారు బయల్దేరే వేళకు ఆమె వెళ్లి దాని పక్కన నిలబడింది.

"ఆ బొట్టు నేను పెట్టినాను సార్. ఆ పాపకు ఏం తెలవదు. ఆ బిడ్డను తీసకపోండి."

రాజమోహన్ గారు చెడ్డమనిషి కాదు. కారు దిగి, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఎవరు పెట్టినా, పెట్టె ఆ అమ్మాయి బాధ్యతమ్మా. పైకి పంపాక మనం పోయి తుడవలేం కదా" అన్నాడు. వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించమని చెప్పమన్నాడు. సీతారామపురంలో వచ్చే ఏడు అనేది లేదని ఆమెకు తెలుసు. అది ఆయనకు చెప్పేలోగా కారు కదిలింది.

సురేంద్రబాబు ఆమెను తిట్టలేదు. రేపటినుంచి లైబ్రరీ వైపు ఊడవమని, ఈ పూటకు గది సర్ది తాళంచెవి ఆఫీసులో ఇచ్చి పొమ్మని అన్నాడు.

గోపిక ఎప్పుడో బయటికి వెళ్లిపోయింది. ఆఖరి రోజని పొద్దున్నే హాస్టలు ఖాళీ చేసి సంచి వెంట తెచ్చుకుంది. రోశమ్మ ఎదురొచ్చిన ఆటో ఎక్కి బస్టాండుకు పోయేసరికి, గోపిక ఊరి వైపు పోయే ఉదయగిరి బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. కిటికీలోంచి గోపిక ముఖం ఒక్కటే కనిపించింది. ముక్కు ఎర్రబడి ఉంది.

"ఎందుకు పాపా నీ మీద ఏసుకున్నావు?"

"నిన్ను తీసేస్తారని."

"నా చెయ్యి మంచిది కాదు. నీకు ముందే చెప్పాల్సింది."

గోపిక కిటికీ ఊచల్లోంచి ఆ చెయ్యి అందుకొని పట్టుకుంది.

"చెయ్యి మంచిదే అవ్వా. చోటే తప్పినాది. ఎక్కడ పెట్టాలో నేను దగ్గరుండి చూపించాల్సింది."

బస్సు కదిలేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. నాయన ఏమన్నాడని రోశమ్మ అడగలేకపోయింది. బస్సు మలుపు తిరిగాక కూడా ఎండలో అలాగే నిలబడిపోయింది. ఎవరో పక్కకు జరగమంటే జరిగింది.

తిరిగొచ్చి అద్దాల గది సర్దింది. లోపలికి పోయేవాళ్లు చెప్పులు బయట విడిచి, గదిలో ఉంచిన నీలం రబ్బరు స్లిప్పర్లు వేసుకోవాలి. ఆ స్లిప్పర్లు కడిగి వరుసగా పెడితే ఒక జత తక్కువయింది. వరండాలో వెతికింది. వేపచెట్టు దాకా వెళ్లి చూసింది. తలుపు పక్కన, గోడవారగా, ఎడమకాలి పట్టీ నల్లదారంతో కుట్టిన గోపిక చెప్పులు ఉన్నాయి.