పడసాల నడిమి గోడ

యశోదమ్మ కాపురానికి వచ్చిన రోజు ఆ మిద్దెలో మొదట చూసింది పైకప్పునే. ధర్మవరానికి అవతల, మెట్ట చేల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో అంత పాత ఇల్లు అదొక్కటే. ఆమె భర్త గోవిందప్ప ముత్తాత కట్టించాడట. కంచెకు కూడా కట్టె దొరకని సీమ కాబట్టి, నల్లమల నుంచి ఎడ్లబండ్ల మీద టేకు మాన్లు తోలించాడని చెప్పుకునేవాళ్లు. ఆ ఇంటి బరువు గోడల మీద లేదు, నిలువునా నాటిన టేకు కంబాల మీద ఉంది. కంబాల మీద పడసాల ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే దూలం. దాని మీద అడ్డంగా దంతెలనే సన్న వాసాలు, ఆపైన చవుడు మట్టి. ఎక్కడా ఇనుప మేకు లేదు. కట్టెలో కట్టె దూరి, చెక్క చీలలతో బిగిసి నిలబడింది. నేతగాళ్ల ఇల్లు గనుక, పట్టు పడుగు సాగదీసి పరుచుకునేందుకే పడసాలను అంత పొడుగ్గా కట్టారు.

“అంత మాను పైనుండాది గదక్కా, మీద పడదా?” అని తోడికోడలు నాగలక్ష్మమ్మను అడిగింది.

“పడదులే. మద్యాన్నం ఎండకు ఒళ్లు విరుచుకుంటాది. చప్పుడైతే భయపడాకు,” అని ఆమె నవ్వింది.

పదిహేనేళ్ల పిల్లకు ఆ మాట మనసులో పడిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు కంబానికి వీపు ఆనించి కూర్చుంటే, పైన ఎక్కడో కట్టె కిర్రుమనేది. కళ్లు మూతలు పడేవి. తాను ఎన్నడూ చూడని అడవిలో, ఆకుల నీడలో, ఎవరో నెమ్మదిగా నడిచిపోతున్నట్టు ఉండేది.

డెబ్బయ్యేడులో అన్నదమ్ములకు చెడింది. గోవిందప్ప చేనేత సొసైటీలో చేరతానన్నాడు. అన్న గంగాధరప్ప, తండ్రి కాలం నుంచి తాము చీరలు నేసిచ్చే షావుకారును వదలనన్నాడు.

“నాయన చేసిన పని తప్పంటావా?” అన్నాడు అన్న.

“నాయన వేరే, నేను వేరే,” అన్నాడు తమ్ముడు.

ఆ మాట అక్కడ ఆగలేదు. వారం తిరక్కుండా పడసాల మధ్యలో మట్టి గోడ లేచింది. దూలం కింద దాకా పెట్టి ఆపేశారు. నడిమి కంబం గోడలో ఇరుక్కుపోయి, సగం ఇటు, సగం అటు కనిపించేది. ఇక పడుగు సాగదీయడానికి ఎవరి సగమూ చాలక, మగ్గాలు ఇద్దరూ మూలకు తిప్పుకున్నారు. ఆడవాళ్లకు కూడా మాటలు వద్దన్నారు.

మొదటి రోజుల్లో యశోదమ్మకు అన్నం సయించలేదు. పొయ్యి రాజేయడం దగ్గర నుంచి కండెలు చుట్టడం దాకా ఆమెకు అన్నీ నేర్పింది నాగలక్ష్మమ్మే. ఒక మధ్యాహ్నం అలవాటుగా నడిమి కంబానికి వీపు ఆనించింది. కట్టె లోపల ఏదో కదిలింది. అవతల పోగును బిగించే మగ్గం పలక దెబ్బ, కంబం గుండా వచ్చి వెన్నులో తగులుతోంది. బావ కొట్టే దెబ్బ బరువుగా ఉంటుంది. ఇది తేలిగ్గా ఉంది, మధ్యలో ఆగి ఆగి వస్తోంది. మగ్గం మీద కూర్చున్నది అక్కే.

యశోదమ్మ వేలి కణుపుతో కంబం మీద మెల్లగా తట్టింది. పలక ఆగింది. కాసేపటికి అవతల నుంచి అదే తట్టు.

అప్పటి నుంచి ఏళ్ల తరబడి వాళ్ల మాటలు అవే. వాటికి అర్థమేమీ లేదు. ఉన్నావా అంటే ఉన్నాను, అంతే. ఆ తట్టు విన్నాక ఆమెకు నిద్ర పట్టేది.

ఎనభై మూడులో గంగాధరప్ప తన సగం పీకేసి సిమెంటు స్లాబు వేస్తానన్నాడు. దూలాన్ని గోడ దగ్గర రంపంతో కోయించాలని మాట. కూలీలు ముందు ఆ సగం మీద వాన ఆపే చవుడు దించేశారు. మరునాడు రంపం పట్టుకుని వడ్లవాళ్లు రావాలి. ఆ సీమలో మాఘమాసంలో వాన వస్తుందని ఎవరూ అనుకోరు.

మధ్యాహ్నం దాటాక పడమర నల్లబడింది. ముందు చినుకులైనా లేకుండా ఒక్కసారిగా కురిసింది. తడిసిన టేకు నుంచి, ఎన్నేళ్లుగానో దాచుకున్నట్టు, పచ్చి వాసన ఇల్లంతా నిండింది. యశోదమ్మ ఒక్క క్షణం ఆ వాసనలో మైమరచి నిలబడింది. అంతలో అవతల నుంచి నాగలక్ష్మమ్మ కేక.

“అయ్యో, పడుగు! పడుగు తడుస్తాండాది!”

మగ్గం మీద సగం నేసిన పట్టుచీర ఉంది. తలుపు గుండా బయటికి తెస్తే వాన మధ్యలోకే. గోవిందప్ప గోడ వంక చూశాడు. పైనుంచి నీళ్లు దిగి మట్టి మెత్తబడుతోంది. గడ్డపార తీసుకుని మొదటి పోటు తానే పొడిచాడు.

“లేయ్, ఏం చేస్తాండావురా?” అన్నాడు అవతల నుంచి అన్న.

“పక్కకు జరుగన్నా! పడుగు ఇట్లియ్యి!”

తడిసిన గోడ పెళ్లలు పెళ్లలుగా కూలింది. దూలం కదల్లేదు. పడుగు ఆ కొస అన్నదమ్ములు, ఈ కొస తోడికోడళ్లు పట్టుకుని, పోగు చిక్కు పడకుండా, తలలు వంచుకుని బురద మీద నడిచారు. ఒకే వరసలో సాగదీసి పట్టుకోవడానికి పడసాల సరిపోయింది. యశోదమ్మ పక్కనే నాగలక్ష్మమ్మ భుజం. ఆమె జుట్టు నెరిసింది. ఆరేళ్లు గోడ అవతలే ఉండి కూడా, వీధిలో ఎదురుపడితే తల దించుకుని పోవడమే గనుక, ఆ సంగతి తనకు తెలియలేదు. యశోదమ్మకు ఏడుపొచ్చింది. చేతులు ఖాళీ లేక అట్లాగే ఏడ్చింది.

“ఏడ్చాకు పాపా, పట్టు మీద పడతాది,” అంది నాగలక్ష్మమ్మ. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

వాన వెలిశాక గంగాధరప్ప తన మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత దగ్గర నిలబడ్డాడు. గుంత నిండా ఎర్రనీళ్లు.

“నా చీర నేసి నిన్ననే కోసేసినా. మగ్గం ఖాళీగానే ఉండాది,” అన్నాడు గోవిందప్ప, అన్న ముఖం చూడకుండా. “నీ పడుగు దానికి ఎత్తుకో. గుంత ఆరేదాకా.”

“ఆరేదాకా,” అన్నాడు గంగాధరప్ప.

మరునాడు వచ్చిన వడ్లవాళ్లను గంగాధరప్ప దూలం ముట్టుకోనీయకుండానే పంపేశాడు. పొయ్యిలు మాత్రం తర్వాత కూడా రెండుగానే ఉన్నాయి. గుంత నాలుగు రోజుల్లో ఆరిపోయింది. పడుగును తిరిగి అవతలి మగ్గానికి మార్చే మాట ఎవరూ ఎత్తలేదు.