ఎనభై ఎనిమిదో పేరు

ఫోను మోగేసరికి కొత్తకోడలు పెరట్లో దుప్పటి పిండుతోంది. తడిచేతులు తుడుచుకునే ఓపిక లేక చిటికెన వేలితో మీట నొక్కి, ఫోనును చెంపకూ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"మీరు రాసిన పరీక్ష చూశామండీ. బాగుంది," అంది అవతలి గొంతు. తూకం యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు ఆవిడ. "రేపు పదింటికి ఆఫీసుకు రండి. వచ్చేటప్పుడు సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసి తీసుకురావాలి. ఒక జాబితా చదవాలి, ఏదైనా పేరు అడిగితే అందులో ఉందో లేదో చెప్పాలి. అంతే. మా దగ్గర సగం కంప్యూటర్లు విండోస్, సగం లైనక్స్. రెండింటి మీదా ఒకే జవాబు రావాలి. వస్తే ఉద్యోగం మీదే. రాకపోతే మీ వెనకాల ఇంకో అమ్మాయి ఉంది."

దుప్పటి బకెట్లో పడింది. కొత్తకోడలి కాళ్ళు నేల మీద ఆనలేదు. మూడంగల్లో వంటగది దాటి ముందుగదిలోకి వచ్చిపడి, ఒక్క ఊపిరిలో సంగతంతా చెప్పేసింది.

అత్తగారు, "నా తల్లే!" అని రెండు చేతులూ చాచింది. భర్త మాత్రం కిటికీ దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఓహో," అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, "ఆఫీసు ఎక్కడ?" అన్నాడు.

"ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి."

"ఓహో."

పెళ్ళయి ఇరవై మూడు రోజులు. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆమె మొగుడి ఓహోలన్నీ వరసగా గుర్తుపెట్టుకుంది. ఆకలి ఓహో ఒకటి, నిద్ర ఓహో ఒకటి, తను కొత్త చీర కట్టుకున్నప్పుడు గొంతులో సగమే పలికే ఓహో ఒకటి. అది ఆమెకు అన్నిటికన్నా ఇష్టం. ఇవాళ్టి రెండూ వాటిలో ఏవీ కావు. మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

అయినా ముందు పని కావాలి. ఆమె దగ్గర కాలేజీనాటి ల్యాప్‌టాప్ ఉంది, అది విండోస్. అతని దగ్గర ఇంకొకటి ఉంది. ఏదో ఆఫీసులో తీసేసిన పాతది. విండోస్ బరువు మొయ్యలేక మూలుగుతుంటే అతని తమ్ముడు దాని మీద లైనక్స్ ఎక్కించి ఇచ్చాడు. ఒకే ఇంట్లో రెండూ ఉండటం చూసి కొత్తకోడలు మురిసిపోయింది. ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

రాసిన ప్రోగ్రామును కంప్యూటరు భాషలోకి మార్చే కంపైలర్ను విండోస్ మీద దించడానికి అరగంట పట్టింది. దించాక పేరు పెట్టి పిలిస్తే, అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరంది కంప్యూటర్. కంపైలర్ ఏ ఫోల్డర్లో కాపురముందో ఆ అడ్రసు సెట్టింగుల్లో రాసిపెట్టాక, అప్పుడు పలికింది. ఆమెకు అదే పండగ.

లైనక్స్ మీద దాన్ని దించడానికి ఒక్క వరస కమాండ్ చాలు. కానీ అది పాస్‌వర్డ్ అడిగింది.

"చెప్పండి, నేను కొడతాను," అంది.

అతను గబుక్కున కుర్చీ లాక్కున్నాడు. "నేను కొడతాలే. నువ్వటు తిరుగు."

"కట్టుకున్న పెళ్ళాన్ని. నాకు తెలిస్తే ఏం?"

"తిరగవే బాబూ!"

తిరిగింది. ఓరకంట చూస్తే తెర మీద ఒక చుక్క కూడా కనబడలేదు. "మీరసలు ఏమీ కొట్టడం లేదు."

"లైనక్స్‌లో పాస్‌వర్డ్ కొడితే కనబడదంతే. తమ్ముడు చెప్పాడు."

కనబడకపోతేనేం, వినబడుతుంది కదా. కొత్తకోడలు టకటకలు లెక్కపెట్టింది. ఏడు. తరువాత ఎంటర్.

ఇక ప్రోగ్రాం చదవడానికో జాబితా కావాలి. పెళ్ళయ్యాక, వచ్చినవాళ్ళను గుర్తుపెట్టుకోవడానికి తాను టైపు చేసిన అతిథుల పట్టిక ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. ఎనభై ఏడు పేర్లు, లైనుకొకటి, ఇంగ్లీషు అక్షరాల్లో. పేర్లంటే అసలు పేర్లు కావు. ఆ ఇంట్లో ఎవరి అసలు పేరు ఎవరికీ తెలియదు. డ్రైవర్ బాబాయి, గుండ్రాయి మామయ్య, నవ్వుల పిన్ని, ఇలాగే ఉంటుంది వరస. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి లైనక్స్‌లోకి మార్చింది. ప్రోగ్రాం రాసే ముందు, నానుతున్న దుప్పటి గుర్తొచ్చి ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి భర్త లైనక్స్ ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వినగానే మూత టప్పున వేశాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు. ఛార్జింగ్ ఉందో లేదో చూస్తున్నా."

ఛార్జరు వైరు గోడకే తగిలించి ఉంది. అటు చూసి, ఇటు చూసి, అతను తేలుకుట్టిన దొంగలా చెప్పులేసుకుని కళ్ళద్దాల షాపుకు వెళ్ళిపోయాడు. అద్దాలను అరగదీసి ఫ్రేములకు సరిపెట్టడం అతని పని.

మధ్యాహ్నానికి ప్రోగ్రాం తయారైంది. విండోస్ మీద నడిపి డ్రైవర్ బాబాయిని అడిగింది. ఉన్నారు. గుండ్రాయి మామయ్య? ఉన్నారు. నవ్వుల పిన్ని? ఉన్నారు. ఆమె కుర్చీలోనే చిన్న గెంతు గెంతింది.

అదే ప్రోగ్రామును లైనక్స్‌లో కంపైల్ చేసి డ్రైవర్ బాబాయిని అడిగింది. లేరు. గుండ్రాయి మామయ్య? లేరు. మొత్తం బలగాన్ని అడిగింది. లేరు, లేరు, లేరు. లైనక్స్ లెక్కన వాళ్ళ పెళ్ళికి కాకి కూడా రాలేదు.

"అదేంటమ్మా, మూడు పంక్తులు భోజనాలు పెట్టాం కదా!" అంది వెనకనుంచి తొంగిచూసిన అత్తగారు.

కొత్తకోడలు నవ్వలేదు. ప్రోగ్రాం ఒకటే, జాబితా ఒకటే. మారిందల్లా మూత టప్పున వేసిన ఆ రెండు నిమిషాలు. ఊరికి ఆ చివర, రెండు బస్సులు, రెండు ఓహోలు. ఆ ఉద్యోగం రావడం అతనికి ఇష్టం లేదా? లేకపోతే నోరు విప్పి చెప్పొచ్చు కదా, ఇలా చాటుగా ఫైలు కెలకడమెందుకు?

కళ్ళలో వత్తులు వేసుకుని రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తెర మీద కనబడినంతమేర అక్షరం తేడా లేదు. చివరికి ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టమని ప్రోగ్రాముకు చెప్పింది. విండోస్ ఎనభై ఏడంది. లైనక్స్ ఎనభై ఎనిమిదంది.

అట్టడుగున, ఆమె ఏనాడూ టైపు చెయ్యని పేరొకటి ఉంది. చిలక.

ప్రోగ్రామును అడిగింది. చిలక?

ఉన్నారు.

ఎనభై ఏడుమంది చుట్టాలను గెంటేసి, ఈ చిలకొక్కతెను పీట వేసి కూర్చోబెట్టింది లైనక్స్. ఎవరీ చిలక? పెళ్ళికి ఎప్పుడొచ్చింది? ఎవరు పిలిచారు? ఇంగ్లీషులో రాస్తే ఎన్ని అక్షరాలు? వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. సీ, హెచ్, ఐ, ఎల్, ఏ, కే, ఏ. ఏడు.

ఉదయం విన్న టకటకలూ ఏడే.

చెయ్యకూడదనుకుంటూనే లైనక్స్‌ను మళ్ళీ ఏదో అడిగింది. అది పాస్‌వర్డ్ అడిగింది. తెర మీద ఏమీ కనబడకుండా ఆ ఏడక్షరాలూ కొట్టి ఎంటర్ నొక్కింది. మారుమాట లేకుండా ఒప్పుకుంది కంప్యూటర్.

సాయంత్రం ఆరింటికి అతను వచ్చాడు. అత్తగారు మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. కొత్తకోడలు టీ కప్పు అతని ముందు పెట్టింది, పెట్టిన చప్పుడుకే అతను తలెత్తాడు.

"ఏమండీ, చిలక బాగుందా?"

అతని చేతిలో కప్పు ఆగిపోయింది. "ఏ... ఏ చిలక?"

"అన్ని చిలకలున్నాయా ఏంటి? మీ పాస్‌వర్డ్‌లో ఉండే చిలక. నా పెళ్ళి జాబితాలో చొరబడ్డ చిలక. ఉదయం మూత వేసి దాచిపెట్టిన చిలక."

అతను కళ్ళజోడు తీసి తుడవబోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదు... నేను చెబుదామనే..."

"అత్తయ్యా, మీరే చెప్పండి. ఎవరా చిలక?"

అత్తగారి చేతిలో మడత జారిపోయింది. ముందు కోడలి వంక చూసింది, తరువాత కొడుకు వంక చూసింది. ఆ మీదట మంచం మీద పడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కొడుకు చొక్కానే వాడుకుంది.

"ఇదుగో, నీ ముందే కూర్చుంది చిలక, టీ తాగుతూ! వీడే! చిన్నప్పుడు ఒక్క క్షణం నోరు మూసేవాడు కాదు. ఎవరేమంటే అది పదిసార్లు అనేవాడు. వాళ్ళ నాయనమ్మ పెట్టింది ఆ పేరు. ఆవిడ పోయాక మళ్ళీ ఎవరూ పిలవలేదు. అప్పటినుంచే వీడు ఓహో తప్ప ఇంకో మాట మాట్లాడడు."

కొత్తకోడలు నోరు తెరిచి మొగుణ్ణి చూసింది. ఈ పొడుగుపాటి మనిషి, ఈ మీసాలు, చిలకా!

"మరి జాబితాలో ఎందుకు రాశారు?"

అతను కప్పులోకి చూస్తూ అన్నాడు. "చదివాను. అందరూ ఉన్నారు. బ్యాండు వాయించినవాళ్ళ మేనత్త కూడా ఉంది. నేను లేను."

"పెళ్ళికొడుకు అతిథేంటండీ!"

"తెలుసు. అయినా... నువ్వు పెద్ద ఆఫీసులో చేరతావు. నేను అద్దాలు అరగదీసుకుంటూ ఉంటాను. ఇక నీ జాబితాల్లో నాకు చోటుండదేమోనని ఉదయాన్నే భయమేసింది. ఎక్కడో ఒకచోట ఉందామని ఒక్క లైను అతికించాను. టెర్మినల్లో, అదే కమాండ్లు కొట్టే ఆ నల్లతెర మీద, ఫైలు చివర ఒక లైను చేర్చడం తమ్ముడు నేర్పాడు, షాపులో అయిపోయిన సరుకు రాసుకోవడానికి. నాకొచ్చిన కమాండ్ అదొక్కటే."

కొత్తకోడలికి కోపం సగం కరిగింది. మిగతా సగం కరగలేదు. "ఒక్క లైనేనా? మరి మిగతా ఎనభై ఏడుగురినీ ఎందుకు తుడిచేశారు? మీరొక్కరే ఉన్నారు, ఇంకెవరూ లేరంటోంది. రేపు పదింటికి నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఒట్టు. ఒక్క లైనే."

ఆమె నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదయింది. ఫైలులో కంటికి కనబడని గుర్తులను కూడా బయటపెట్టే కమాండ్ ఒకటి ఉందని గుర్తొచ్చింది. అతణ్ణి నేరస్థుడిలా పక్కన కూర్చోబెట్టి అది నడిపింది. డ్రైవర్ బాబాయి చివర టోపీలాంటి గుర్తు, పక్కన ఎం అక్షరం. గుండ్రాయి మామయ్య చివర అదే. ఎనభై ఏడుమందికీ తోక ఉంది. చిలకకు మాత్రం లేదు.

అప్పుడు వెలిగింది. కాలేజీలో మాస్టారు చెప్పిన పాఠం. టైపు మిషన్లో లైను అయిపోతే రెండు పనులు చెయ్యాలి, బండిని మొదటికి నెట్టాలి, కాగితాన్ని పైకి తిప్పాలి. విండోస్ ఇప్పటికీ ఆ రెండు గుర్తులూ జంటగా పెడుతుంది. లైనక్స్ ఒక్కటే పెడుతుంది. విండోస్‌లో టైపు చేసిన పేర్లను లైనక్స్ చదివినప్పుడు ఆ అదనపు గుర్తు పేరుకే అతుక్కుపోయింది. బాబాయి వేరు, తోకున్న బాబాయి వేరు. అందుకే లేరంది. లైనక్స్‌లోనే పుట్టిన చిలకకు తోక లేదు కాబట్టి, ఉన్నాడంది.

"అయితే నేను నిర్దోషినా?" అన్నాడు అతను.

"ఎనభై ఏడు లైన్లకు నిర్దోషి. ఒక్క లైనుకు దోషి," అంది ఆమె. "ఆ ఒక్క లైను లేకపోతే నాకిది తట్టేదే కాదు."

పేరు చదవగానే చివరనున్న తోకను, ఒకటున్నా రెండున్నా, కత్తిరించెయ్యమని ప్రోగ్రాములో రెండు వరసలు చేర్చింది. విండోస్ మీద నడిపింది, లైనక్స్ మీద నడిపింది. బాబాయిలూ మామయ్యలూ పిన్నులూ అందరూ రెండు పెళ్ళిళ్ళకూ వచ్చేశారు. తరువాత ఎవరూ అడక్కుండానే విండోస్ జాబితా చివర కూడా చిలక అని తనే టైపు చేసింది. అతను గొంతులో సగమే పలికే ఓహో ఒకటి అన్నాడు. ఆమెకు ఇష్టమైనది.

"సరే, నన్నేమని రాశావు?" అంది అత్తగారు, కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగుతూ.

కొత్తకోడలు గొంతు సవరించుకుంది. దాచి లాభం లేదు. "పోలీసత్తయ్య అని. పెళ్ళి భోజనాల దగ్గర మీరే కదా వరసలు సరిచేసింది..."

అత్తగారు మడతపెట్టిన దుప్పటిని చంకలో ఇరికించుకుని నడుం నిటారుగా నిలబెట్టింది.

"పోలీసు చెబుతోంది, వినండి. ఒరే చిలకా, ఇప్పుడే షాపు యజమానికి ఫోన్ చేసి రేపు మధ్యాహ్నం దాకా రానని చెప్పు. ఆ పాస్‌వర్డ్ కూడా మార్చు, దొంగలకు మీ నాయనమ్మ గుర్తుంటే కష్టం. అమ్మాయీ, ఆ పెన్‌డ్రైవ్ నీ సంచీలో పెట్టుకో. రేపు ఎనిమిదింటి బస్సుకు ముగ్గురం వెళ్తున్నాం. వాళ్ళ కంప్యూటర్లు రెండూ నేను ఉన్నానని చెబితే గానీ నేనా ఆఫీసు గుమ్మం దిగను."